గులాబీ డబ్బాల చుట్టూ పిల్లి

యుద్ధం రోజులు. నరసరావుపేటలో మాది కిరాణా కొట్టు. కిరసనాయిలు దొరకదుగాని ఖాళీ డబ్బాలకు కొదవ లేదు. వాటి అడుగున మేకుతో బొక్కలు పొడిచి, పెంకుముక్కలు పరిచి, మాగిన పశువుల ఎరువూ మట్టీ నింపి అమ్మ గులాబీలు పెట్టింది. దేవుడికి రోజూ గులాబీ పెట్టందే నానమ్మకు పూజ సాగదు. పూయని రోజున అమ్మకు తిట్లే.

ఎండాకాలం డబ్బా రేకు వేడెక్కి చెట్ల వేళ్ళు ఉడికిపోయేవి. వానలు పడ్డాక ఉక్కపోత, ఆకుల నిండా నల్లమచ్చలు. అమ్మ బూడిద చల్లింది, వేపాకు కషాయం చల్లింది. ఊహూఁ, ఒక్క మొగ్గ లేదు.

పెరటి గోడలో వంగి దూరేంత చిన్న తలుపు, దిడ్డి ఉండేది. అవతల కుట్టుమిషన్లు బాగుచేసే సాయిబుగారి కాపురం. ఆయన భార్యను అమ్మ అక్కా అని పిలిచేది. మా ఇంట్లో అమ్మ నవ్వగా నేను చూసింది ఆ దిడ్డి దగ్గరే. ఒకనాడు ఆవిడ అందులోంచి చెంబు అందించింది.

"చేపలు కడిగిన నీళ్ళు. నాలుగింతలు మంచినీళ్ళు కలిపి చెట్టు మొదట్లో పొయ్యి. చానా బలం."

మేం కోమట్లం. నీచు పేరెత్తని ఇల్లు. అమ్మ మొహం పాలిపోయింది. "మా అత్తకు తెలిస్తే ఈ దిడ్డి మూయించుద్దక్కా!"

"తెలిస్తే గదా!"

అమ్మ చాటుగా పోసింది. చెట్లు విరగబూశాయి. నానమ్మ మురిసిపోయింది. ఎక్కడిదో ఒక గండుపిల్లి డబ్బాల చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. తోలినా పోదు, పాడు పిల్లి. అమ్మ డబ్బాల్లో మట్టి మీద పేడనీళ్ళు చల్లి వాసన కప్పేది. దినదిన గండంగా బతికింది.

"ఏమే, ఈ పిల్లికి గులాబీల మీద మోజేందే?" అంది నానమ్మ ఒక పొద్దున. వంగి చిటికెడు మట్టి తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. అరుస్తుందనుకున్నాను. అరిచినా బాగుండేది. చేతులు కడుక్కుని, పటం మీది పూలు తీసి పెంటలో పారేసి, తాపీమేస్త్రీని పిలుచుకొచ్చింది. పక్కింటావిడ మాచర్లలో తమ్ముడింటికి వెళ్ళి ఉంది. సాయంత్రానికి దిడ్డి ఉన్నచోట తడి గోడ. ఆ ముసలిదాని మీద నాకు ఇప్పటికీ కడుపుమంటే.

ఆవిడ తిరిగొచ్చిన రోజు అవతలినుంచి గొంతు వినిపించింది. "ఏమే చెల్లీ, ఏందీ గోడ?"

నానమ్మ పీట మీద కూర్చుని అమ్మనే చూస్తోంది. అమ్మ నోట్లో కొంగు కుక్కుకుంది.

"చెల్లీ! పలకవేందే?"

అవతల గోడను అరచేత్తో తట్టిన చప్పుడు. తర్వాత ఆ గొంతు చిన్నగా అడిగింది. "నువ్వే కట్టించావా?"