చూడకుండానే చూశానన్నాను

నోరు జారిన ఒక్క మాటను ఇన్నేళ్లుగా కడుపులో మోస్తున్నాను. నా భార్యకు చెప్పలేదు. అన్నకు అసలే చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

గల్ఫ్ యుద్ధం ముగిసిన ఏడాది నేను స్టాక్‌హోమ్‌లో చదువుకుంటున్నాను. అన్న సౌదీలో, జుబైల్‌లో వెల్డర్. మా జగిత్యాల వైపు ఇంటికొకరు గల్ఫ్‌లో ఉండటం మామూలే, స్వీడన్‌లో ఉండటమే వింత. యుద్ధం జరుగుతున్నన్నాళ్లూ అన్న కోసం వణికిపోయాను. యుద్ధం అయిపోయింది, నా భయమూ అయిపోయింది. అంత తొందరగా ఎలా పోయిందో ఇప్పటికీ అర్థం కాదు.

అక్కడి వేసవి మీకెలా చెప్పను? రాత్రి పదింటిదాకా వెలుతురే. పొద్దు గుంకదు, మనకూ ఇల్లు చేరాలనిపించదు. హాస్టల్ స్నేహితులతో పడవెక్కి దీవుల్లోకి పోయేవాణ్ణి. ఈత రాకుండానే బండమీది నుంచి చల్లటి సముద్రంలోకి దూకాను, నలుగురూ కలిసి బయటికి లాగారు. అడవిలో నేరేడు రంగు పళ్లు ఏరుతూ దారి తప్పి, నాలుక నీలంగా చేసుకుని, ఎవరిదో తోటలో తేలాను. ఆ వేసవిలో ఉన్నంత సంతోషంగా నేను మళ్లీ ఎన్నడూ లేను. అది ఒప్పుకోవడమే అన్నిటికంటే కష్టంగా ఉంది.

శుక్రవారం అన్నావాళ్లుండే కూలీల క్యాంపుకు సెలవు. ఫోన్ కోసం వరుసలో నిలబడి అన్న మా హాస్టల్‌కు చేసేవాడు. ఆ శుక్రవారం నేను సంచి భుజాన వేసుకుని మెట్లు దిగుతున్నాను. కింద స్నేహితులు సైకిళ్ల గంటలు మోగిస్తున్నారు, పడవకు వేళవుతోందని. వరండాలో ఫోన్ మోగింది.

"తమ్మీ, కువైట్ సరిహద్దుల లడాయి అయిన ఖఫ్జీకి పొమ్మంటున్నరు. పైపుల పని. ఇష్టమున్నోళ్లే పోవాలె, పోయినోళ్లకు ఇంటికి పోను చుట్టీ ముందుగాల ఇస్తరట. మందుపాతరలన్నీ తీసేసిన్రని ఫోర్‌మన్ అంటున్నడు. ఈడ ఎవని మాట నమ్మాలె? ఆడ టీవీల ఏం జూపిస్తున్నరు?"

"అన్నీ తీసేసిన్రు అన్నా. పో, ఏం గాదు."

"నువ్వు జూసినవా?"

"జూసిన."

"గంతే సాలు. మల్లేశ్ బుగులు పడుతున్నడు. బిడ్డ పుట్టిన కాడికెల్లి మొకం జూడలే, చుట్టీ అంటే పానం గుంజుతున్నది, ఖఫ్జీ అంటే భయం. వానికి నీ మాట జెప్త."

మల్లేశ్ అన్న గదిలోనే ఉండేవాడు, మా పక్క ఊరివాడు. ఆ రోజుల్లో క్యాంపుల్లో ఇదొక అలవాటు. అక్కడి వార్తలు నమ్మరు. బయటి దేశంలో మనవాడెవడైనా ఉంటే, వాడు చూశానంటే అది రాతిమీద గీత. ఆ సంగతి నాకు బాగా తెలుసు. తెలిసే అన్నాను.

ఇద్దరూ ఖఫ్జీకి పోయారు. సముద్రం ఒడ్డున ఇసుకలో ఏదో ఇనుప డబ్బా అడ్డుగా ఉందని మల్లేశ్ తీసి పక్కన పెట్టబోయాడు. కుడిచెయ్యి మణికట్టు దాకా పోయింది. చుట్టీ కోసం వెళ్లినవాణ్ణి కట్టుకట్టి ఏకంగా ఇంటికే పంపేశారు. బిడ్డను ఎత్తుకోవడానికి ఒక చెయ్యే మిగిలింది.

"తెలియదు అన్నా, కనుక్కుని చెప్తాను" అంటే నాదేం పోయేది? ఒక పడవ. వాళ్లు ఎలాగూ వెళ్లేవాళ్లేమో, అని చాలా ఏళ్లు నాకు నేనే చెప్పుకున్నాను, కానీ పదేపదే చెప్పుకోవాల్సి వచ్చిందంటేనే నేను దాన్ని నమ్మలేదన్నమాట. మర్నాడు పొద్దునైనా అన్నకు కబురు పెట్టలేకపోయేవాణ్ణా? పెట్టగలిగేవాణ్ణే. గుర్తే రాలేదు.

తరవాత ఊరికి వెళ్లినప్పుడు మల్లేశ్ ఎడమచేత్తో నాకు చాయ్ ఇచ్చాడు. అన్న నా వైపు చూసి, "నీ తప్పేమున్నది తమ్మీ, టీవీవోళ్లే అబద్ధం జెప్పిన్రు. నేనే వాణ్ణి తోల్కపోయిన, పాపం నాది," అన్నాడు. నేను తేలు కుట్టిన దొంగలా చాయ్ తాగాను.

చదువైపోయాక ఈ జుబైల్‌కే వచ్చాను. ప్లాంటులో పని మొదలయ్యే ముందు ఆ చోటు భద్రంగా ఉందని పర్మిట్ మీద సంతకం పెట్టడం నా ఉద్యోగం. స్వయంగా వెళ్లి చూడందే పెట్టను. చాదస్తమని నవ్వుతారు. కొందరు మెచ్చుకుంటారు. మెచ్చుకున్నప్పుడే ఎక్కువ బాధ. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారు. ఇక్కడ కాలింది నా చెయ్యి కూడా కాదు.

మొన్న మల్లేశ్ ఫోన్ చేశాడు. అల్లుడికి ఖఫ్జీలో పని దొరికిందట. "నువ్వొక్కసారి పోయి జూడు తమ్మీ. నువ్వు జూసినవంటే నాకు ధైర్యం," అన్నాడు.

వెళ్లాను. ఇన్నేళ్లుగా తప్పించుకు తిరిగిన ఊరు. క్యాంపు, గదులు, నీళ్లు, పనిచోటు అన్నీ తిరిగి చూశాను. ఒడ్డున ఇసుకలో చాలాసేపు నిలబడ్డాను. అక్కడి నుంచే ఫోన్ చేసి, చూశానని చెప్పాను. "గంతే సాలు," అన్నాడు. అచ్చం అన్న అన్నట్టే. ఇంకొక్క మాట చెప్పాలని నోరు తెరిచాను. అతను అప్పటికే అల్లుణ్ణి పిలిచి ఆ కబురు చెబుతున్నాడు.

ఆ మాట ఇది. మా హాస్టల్‌లో ఒక టీవీ ఉండేది. ఆ వేసవంతా నేను దాని ముందు ఒక్కసారి కూడా కూర్చోలేదు.