రెండో సీసా

ఈగల మాస్టారికి లోకంలో ఒకే ఒక్క భయం. ఏ వస్తువైనా ఒక్కటే ఉండటం.

జేబులో రెండు పెన్నులు. ముక్కు మీద ఒక కళ్ళజోడు, మెడలో తాడుకి ఇంకొకటి. ఎండైనా వానైనా చంకలో రెండు గొడుగులు, సంచిలో రెండు భోజనం డబ్బాలు. కుడి చేతికో గడియారం, ఎడమ చేతికో గడియారం, రెండింటికీ మూడు నిమిషాల తేడా. "సరైన టైమెంత మాస్టారూ?" అని అడిగితే రెండు చేతులూ చూసుకుని, "ఈ రెండింటి మధ్యా ఎక్కడో ఉంటుందమ్మా" అనేవారు.

ఆయన ఉద్యోగం ఒక పరిశోధనశాలలో పళ్ళ ఈగల్ని సాకడం. మగ్గిన అరటిపండు చుట్టూ ముసిరే నువ్వుగింజంత ఈగలున్నాయే, అవే. మనం చేత్తో తోలేస్తాం. ఆయన వాటికి మొక్కజొన్న పిండి, పంచదార, ఈస్టు కలిపి ఉడికించి, వేలెడు పొడవు గాజుసీసాల్లో అడుగున పోసి, మూతికి దూది కూరి ముప్ఫై ఏళ్ళుగా పోషిస్తున్నారు. గుడ్డు పెట్టిన పదోరోజుకల్లా కొత్త ఈగ బయటికొస్తుంది కాబట్టి ఆయన చేతుల మీద వెయ్యి తరాలు దాటిపోయాయి. ఇన్ని తరాలకి ఊడిగం చేసిన దివాను ఏ రాజవంశంలోనూ లేడని ఆయనకి కొంచెం గర్వం కూడా ఉండేది.

తెల్లకళ్ళ వంశం, వంకర రెక్కల వంశం, నల్లటి ఒళ్ళు వంశం, ఇలా ఆయన దగ్గర నలభై వంశాలు. ఒక్కో వంశానికి రెండేసి సీసాలు. విత్తనాల్లా డబ్బాలో పోసి అటకెక్కించడానికి ఇవి కుదరవు. రెండు వారాలకోసారి కొత్త మేతలోకి మార్చకపోతే ఆ వంశానికి నీళ్ళొదులుకోవాల్సిందే. "ఒక సీసా పని కోసం, రెండో సీసా ప్రాణం కోసం" అని ఆయన రోజుకి రెండుసార్లు అనేవారు.

ఈ మాట అందరికంటే ఎక్కువసార్లు విన్నది నిద్రమ్మాయి. ఆ పరిశోధకురాలికి ఆ పేరు ఎందుకొచ్చిందంటే, నాలుగేళ్ళుగా ఆమె ఈగల నిద్ర మీద పనిచేస్తోంది. ఈగలు నిద్రపోతాయా అని చుట్టాలు నవ్వేవారు. పోతాయి. కదలకుండా అయిదు నిమిషాలు నిలబడిపోతే నిద్రపోయినట్టే లెక్క. మధ్యాహ్నం పూట కునుకు కూడా తీస్తాయి, మగవైతే మరీను. వేల ఈగల్ని గాలించి, కునుకన్నదే ఎరగని ఒక వంశాన్ని ఆమె పట్టుకుంది. చూడ్డానికి అన్నిటిలాంటివే, అవే ఎర్రకళ్ళు, అవే తిన్నని రెక్కలు. ఆమె చదువూ, రాబోయే పట్టా, నాలుగేళ్ళ నిద్రలేమీ అన్నీ ఆ ఒక్క వంశం మీదే ఆధారపడి ఉన్నాయి.

"మాస్టారూ, మీ పెళ్ళికి కూడా రెండు సంబంధాలు ఖాయం చేసుకున్నారా?" అని ఆమె ఆటపట్టించేది.

"నవ్వు, నవ్వు. ఇటు రా" అని ఆయన ఆమెని మైక్రోస్కోపు దగ్గరికి లాక్కెళ్ళేవారు. అక్కడ ఒక మగ ఈగ ఆడ ఈగ వెనక తిరుగుతూ, ఒక రెక్క చాచి వణికిస్తూ ప్రేమపాట పాడుతుండేది. "ఎన్ని రెక్కలతో పాడుతున్నాడు?"

"ఒకదాంతో."

"రెండోది దాచుకున్నాడు చూశావా. ప్రేమలో మునిగినా వాడికి బుద్ధుంది."

అలాంటి మాస్టారికి ఒకరోజు పెద్ద కష్టం వచ్చింది. ఈగల్ని ఉంచే వెచ్చటి అల్మారాల్లో చోటు చాలడం లేదని డైరెక్టరుగారు నోటీసు పంపారు. రెండో సీసాలన్నీ ఈ గదిలోంచి తీసేయాలి, అందరూ ఒప్పుకున్నట్టు సంతకం పెట్టాలి. అందరికంటే ముందు సంతకం పెట్టింది నిద్రమ్మాయి. తన కొత్త పరికరాలకి అరలు కావాలి మరి. మాస్టారు వాదించలేదు. "సరే సార్, సరే సార్" అని రెండుసార్లు అని, నలభై సీసాలూ రెండు సంచుల్లో సర్దుకుని వెళ్ళిపోయారు. ఆయన నడక చూసి ఆమెకి మనసులో ఏదో గుచ్చుకుంది కానీ, పనిలో పడి మరిచిపోయింది.

నెల తిరక్కముందే, ఒక ఆదివారం నాడు నిద్రమ్మాయి ఈగలుండే అల్మారాలో వేడిని అదుపుచేసే మర చెడిపోయింది. సోమవారం పొద్దున ఆమె తలుపు తీసేసరికి లోపల కొలిమిలా ఉంది. సీసాల అడుగున ఈగలన్నీ మిరియాల పొడి చల్లినట్టు పడి ఉన్నాయి. ఒక్కటీ కదల్లేదు. ఆమె స్టూలు మీద కూర్చుండిపోయింది. ఏడుపు రాలేదు. ఎవర్నైనా తిట్టుకుందామంటే ఆ కాగితం మీద మొదటి సంతకం తనదే.

డైరెక్టరుగారు వచ్చి, "మళ్ళీ మొదలుపెట్టాలమ్మా" అన్నారు. నాలుగేళ్ళని అంత చిన్న మాటలో చెప్పొచ్చని ఆమెకి అప్పుడే తెలిసింది.

మాస్టారు మాత్రం సంచిలోంచి రెండో డబ్బా తీసి ఆమె ఒళ్ళో పెట్టారు. "ఇవాళ నాకు ఆకలి లేదమ్మా, నువ్వు తిను. తిన్నాక మా ఇంటికి వెళ్దాం."

"ఇప్పుడు మీ ఇంటికెందుకు మాస్టారూ?"

"రెండో సీసాలు అక్కడున్నాయి."

డైరెక్టరుగారి కనుబొమలు లేచాయి. "తీసేయమన్నాను కదయ్యా?"

"గదిలోంచి తీసేయమన్నారు సార్. తీసేశాను."

మాస్టారింట్లో ఒకప్పుడు బట్టలుండే బీరువా ఇప్పుడు ఈగలది. బట్టలు కుర్చీల మీదికి వలసపోయాయి. నలభై సీసాలూ బారులు తీరి, లోపల ఈగలు చకచకా తిరుగుతూ కనపడేసరికి ఆమె రెండంగల్లో బీరువా దగ్గరికి చేరింది. కానీ ఏ సీసా చీటీ మీదా పేరు లేదు. చీటీలన్నీ తెల్లగా మెరుస్తున్నాయి.

మాస్టారి భార్య చేతులు నలుపుకుంది. "పొరపాటైపోయింది తల్లీ. జిడ్డుగా ఉన్నాయని నిన్న తడిగుడ్డతో తుడిచాను. పేర్లన్నీ గుడ్డకొచ్చేశాయి."

మాస్టారు గోడకి చేరబడిపోయారు. "ముప్ఫై ఏళ్ళలో మొదటిసారి రెండో చీటీ అంటించలేదు" అన్నారు. ఆయన ముఖం చూస్తే నిద్రమ్మాయికి తన బాధకంటే ఆయనదే పెద్దదనిపించింది.

ఇద్దరూ కూర్చుని ఏరడం మొదలుపెట్టారు. తెల్లకళ్ళవి ఒక పక్క, వంకర రెక్కలవి ఒక పక్క. చివరికి పదకొండు సీసాలు మిగిలాయి. అన్నిట్లోనూ ఎర్రకళ్ళు, తిన్నని రెక్కలు.

"ఇంతకీ నీకు కావలసినవి ఏవి?" అంది మాస్టారి భార్య.

"నిద్రపోనివండీ."

"ఆ అల్లరి మూకా? ముందే చెప్పొచ్చుగా. మధ్యాహ్నం నేను నడుం వాల్చే వేళకి ఈ బీరువా అంతా సద్దుమణుగుతుంది. ఒక్క సీసాలో మాత్రం సంత నడుస్తూనే ఉంటుంది. అరలు మార్చి సర్దాను కాబట్టి ఏదో చెప్పలేను. రెండింటిదాకా ఆగు, అవే చెప్తాయి."

పదకొండు సీసాల్నీ బల్ల మీద పెట్టి, ముట్టుకోకుండా ముగ్గురూ చుట్టూ కూర్చున్నారు.

"ఆయన రోజూ చెప్పే నిద్రపోని పిల్లవి నువ్వేగా?" అందావిడ మెల్లగా. "తిండి కూడా మరిచిపోతావట. నీలాంటివాళ్ళు ప్రతి ఏడూ ఒకళ్ళుంటారని రెండో డబ్బా కట్టించుకెళ్తారు. ఆయన తినేది ఒక్కటే, అదీ సగం."

ఆమె తల తిప్పి మాస్టారి వంక చూసింది. నాలుగేళ్ళలో ఆయనకి ఆకలి లేని రోజులెన్నో ఇప్పుడు గుర్తొచ్చాయి. కిందటి వానాకాలం ఆయన ఇచ్చిన రెండో గొడుగు ఇంకా ఆమె గది తలుపు వెనకే వేలాడుతోంది, మర్నాటికే ఆయన చంకలో మళ్ళీ రెండున్నాయి. మాస్టారు ఆ చూపు తప్పించుకోవడానికి ఒక గడియారం చూసుకున్నారు, ఆ తర్వాత రెండోది చూసుకున్నారు.

ఎడమ చేతి రెండైంది. కుడి చేతి రెండు కూడా అయింది. ఒక సీసా నెమ్మదించింది, తర్వాత ఇంకొకటి. ఈగలు గాజుకి అంటుకుని ఎక్కడివక్కడ ఆగిపోయాయి. కిటికీ వైపునున్న ఏడో సీసాలో మాత్రం పైకీ కిందికీ పరుగులు ఆగలేదు. ఆమె అయిదు నిమిషాలు లెక్కపెట్టింది. నమ్మలేక మళ్ళీ లెక్కపెట్టింది.

"ఇవే" అంది. అప్పుడొచ్చింది ఏడుపు, నవ్వుతో కలిసి.

మాస్టారు ఆ ఈగల్ని రెండు సీసాల్లోకి పంచి, ఒక్కో సీసాకి రెండేసి చీటీలు అంటించారు. "ఇది నీది. ఇది నాది."

"మీది మీ దగ్గరే ఉంచండి మాస్టారూ. రెండో సీసాలు ఉండాల్సిందేనని ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెడతాను" అని ఆమె వెంటనే లేవబోయింది.

"ఎండలో ఎక్కడికి, కాసేపు కళ్ళు మూసుకో" అని మాస్టారి భార్య కుర్చీలో బట్టలన్నీ మంచం మీద పడేసింది. నిద్రమ్మాయి మొహమాటానికి కూర్చుంది. అయిదు నిమిషాలపాటు కదల్లేదు, ఆ లెక్కన నిద్రపోయినట్టే. మాస్టారి భార్య అలవాటు ప్రకారం నడుం వాల్చింది. మాస్టారు ఒక కునుకు తీసి, లేచి సీసాలు చూసుకుని, రెండో కునుకులోకి జారుకున్నారు.

ఇంక ఆ ఇంట్లో మెలకువగా ఉన్నది, కిటికీ పక్కన ఆ రెండు సీసాల్లోవాళ్ళే.