మెమరీ వడ్డన

పెన్‌డ్రైవులు కొత్తగా వస్తున్న రోజుల్లో తాడేపల్లిగూడెంలో ఎంసీఏ చదివాను. కొల్లేరు వరద లెక్కను ముక్కలు చేసి, అన్నింటినీ ఒకేసారి నడిపే ప్రోగ్రాం నా ప్రాజెక్టు.

ఎగ్జామినరుగారి ముందు నడపబోతే, మెమరీ లైబ్రరీ అనే ఫైలు లేదని తెర మీద వచ్చింది.

“మెమరీ మిషన్‌లోనే ఉంటుంది కదండీ. వేరే ఫైలెందుకని నిన్న శుభ్రం చేసేశానండీ” అన్నారు ల్యాబ్ అసిస్టెంటు యోహానుగారు.

ఆ లైబ్రరీ ఉన్న సీడీ పెట్టి, ప్రోగ్రాంని మళ్లీ మొదటినుంచి తయారుచేసే బిల్డ్ మొదలుపెట్టాను. తెర మీద అక్షరాలు పాకుతుంటే, ఎగ్జామినరుగారు ఏలూరు బస్సు కోసం వాచీ చూసుకుంటున్నారు.

“నిజమే కదమ్మా, ఆ లైబ్రరీ దేనికి?” అన్నారాయన.

చదివిందంతా మరిచిపోయాను. “లెక్కలో ముక్కలన్నీ ఒకేసారి మెమరీ అడుగుతాయండీ. పెళ్లి బంతిలో అందరికీ ఒక్కరే వడ్డిస్తే, మిగతావాళ్లు ఖాళీ ఆకుల ముందు కూర్చోవాలండీ. ఇదుంటే వడ్డించేవాళ్లు పెరుగుతారండీ” అన్నాను.

నవ్వి, మార్కులు వేసి వెళ్లిపోయారు. ఆయన బస్సెక్కాక ప్రోగ్రాం నడిచింది. ఇప్పటికీ ఎవరైనా నా బల్ల సర్దుతామంటే గుండె ఝల్లుమంటుంది.