డాక్టరమ్మకు తొమ్మిది దెబ్బల రాయితీ

పంతొమ్మిదేళ్ల వయసులో, లోకంలోని లెక్కలన్నీ ఎవరో తప్పుగా వేసి పెట్టారనీ వాటిని దిద్దడానికే తాను పుట్టాననీ మనిషికి ఒక నమ్మకం ఉంటుంది. ఆ రోజుల్లో నాకది మరీ ముదిరింది. సోలాపూర్‌లో మా నేతవాడలో నల్లా ఎన్ని నిమిషాలు ఆలస్యంగా వచ్చిందీ, నాయిన మగ్గం ఎన్నింటికి ఆగిందీ, మా చిన్నమ్మ గంటకు ఎన్ని బీడీలు చుట్టిందీ తారీఖు వేసి మరీ రాసుకునేదాన్ని. (ఆ పుస్తకాలు ఇప్పటికీ ఉన్నాయి. చెదలు పడతాయని కోడలు బెదిరిస్తుంది. ఇంతవరకు పట్టలేదు, ప్రతి అమావాస్యకూ తీసి చూస్తున్నాను.) అలాంటి నాకు ఊరి చివర ఆఫీసర్ల క్లబ్బులో గోల్ఫ్ ఆటకు లెక్కలు రాసే గుమాస్తా ఉద్యోగం దొరికింది. మా వాడలో ఆ ఆటను సాబుల చిర్రగోనె, అంటే దొరల బిళ్లంగోడు అనేవారు. చిన్న తెల్ల బంతిని కర్రతో కొట్టుకుంటూ పోయి, జెండా పాతిన గుంటలో వేయాలి. అలాంటి గుంటలు తొమ్మిది. అన్నిట్లో కలిపి ఎవరు తక్కువ దెబ్బల్లో వేస్తే వారు గెలిచినట్టు.

ఆట తక్కువ వచ్చినవాళ్లకు బాగా ఆడేవాళ్లు కొన్ని దెబ్బలు రాయితీ ఇస్తారు, అంటే చివరి లెక్కలోంచి అన్ని దెబ్బలు తీసేస్తారు. దాన్ని హ్యాండిక్యాప్ అంటారు. మగవాళ్లలో మగవాళ్లకు, ఆడవాళ్లలో ఆడవాళ్లకు ఇది తేలికే. తగువంతా ఏడాదికొకసారి మగవాళ్లూ ఆడవాళ్లూ కలిసి ఆడే వెండి కప్పు పోటీలో. ఆ ఏడు చివరి ఆటకు మిగిలింది ఇద్దరు. ఒకరు క్లబ్బు సెక్రటరీ, పేరు వదిలేసి అందరూ మీసాల సాబ్ అనే పెద్దమనిషి. రెండోవారు మా వాడలో సగం మంది తల్లులకు పురుడు పోసిన డాక్టరమ్మ. ఆమె మా నేతవాళ్ల ఇంటి ఆడపడుచే. సాబుకు రాసిన హ్యాండిక్యాప్ ఆరు, డాక్టరమ్మకు పద్దెనిమిది. తేడా పన్నెండు. ఆ పన్నెండూ ఇవ్వాలని ఆమె, ఆడవాళ్లు బంతి కొట్టడం మొదలుపెట్టే రాయి ముందుకు ఉంటుంది కనుక సగమే ఇస్తామని ఆయన. ఏటా సగమే ఇచ్చేవారు, ఏటా ఆమె ఒకటి రెండు దెబ్బల తేడాతో ఓడేది.

"ముందుకుంటదంటున్నరు. ఎంత ముందుకు? ఎవరన్న కొలిచిన్రా?" అని అడిగాను. మీసాల సాబ్ మీసం మెలేసి, "నువ్వు కొలువు. కానీ బేటీ, లెక్కలో ఒక్క దెబ్బ ఫరక్ వచ్చిందా, నౌకరీ ఛుట్టీ. ఇంటికి పోయి బీడీలు చుట్టుకో" అన్నాడు. మా చిన్నమ్మ రోజుకు వెయ్యి చుట్టేది. నాకు రెండు వందలకే వేళ్లు తిమ్మిరెక్కేవి. పైగా వాడలో కుర్చీ మీద కూర్చుని చేసే ఉద్యోగం తెచ్చుకున్న మొదటి ఆడపిల్లను. కనుక ఆ మాట నాకు ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. అయినా కొలుస్తానన్నాను.

ముందుగా డాక్టరమ్మ ఆట వారం రోజులు చూసి, ఆమె దెబ్బ సగటున నూరు గజాలు పోతుందని తేల్చాను. అంటే ఆమె నడవాల్సిన దూరం నూరు గజాలు తగ్గితే ఒక దెబ్బ ఆదా. ఇక దూరం తేలాలి. క్లబ్బులో కొలిచే గొలుసు లేదు. నాయిన పడుగుకు గంజి పట్టించి ఆరేసిన నూలు అడిగి తీసుకుని, పోగులు పేని, సరిగ్గా యాభై గజాల దారం చేశాను. ఆదివారం పొద్దున ఆరూ పదికి, ఆడేవాళ్లు రాకముందే, రెండో కొస పట్టుకోవడానికి చిన్నమ్మను వెంటబెట్టుకుని మైదానంలో దిగాను. చలికాలం. గడ్డి మీద నడుస్తుంటే మా చీరల అంచులు పిండితే నీళ్లు కారేలా అయ్యాయి.

"ఏందే పిల్లా, గింత గుండు కోసం గింత జాగనా? మన వాడంత ఇండ్లు కట్టుకోవచ్చు గదనే గీడ!"

"జర సప్పుడు చెయ్యకు చిన్నమ్మా. ముప్పయ్యొకటా, ముప్పైరెండా, మర్చిపోతున్న."

"నేను చెప్త రాస్కో. ముప్పైమూడు."

ఇక అనుమానంతో కొలవలేక మళ్లీ మొదటి గుంట నుంచి మొదలుపెట్టాను. చిన్నమ్మ దారం కొస కింద పడేసి నడుం పట్టుకుంది. "నిన్ను చేసుకునేటోడు లేశిన కాడికెల్లి కొలతకు నిలవడాలె. వాని బతుకు ఏం గావాలె!" అంది. (చేసుకున్నాయన దాని గురించి ఎన్నడూ ఫిర్యాదు చేయలేదు. ఒక్కసారి చేశారు. తారీఖు ఉంది.) ఆడవాళ్ల దూరం యాభై దారాలు తేలింది, రెండు వేల ఐదు వందల గజాలు. మగవాళ్ల దూరం ఆ మధ్యాహ్నం మూడింటికి, చలికాలమైనా చుర్రుమనే ఎండలో కొలిచాం. యాభైఆరు దారాలు, రెండు వేల ఎనిమిది వందలు. తేడా మూడు వందల గజాలు, మూడు దెబ్బలు. పన్నెండులోంచి మూడు పోతే తొమ్మిది. కాగితం మీద ఎర్ర సిరాతో రాసి, కింద సంతకం పెట్టి, బోర్డుకు గుచ్చాను. మీసాల సాబ్ ఆ కాగితం మూడుసార్లు చదివాడు, తప్పు దొరకలేదు.

తరువాతి ఆదివారం పోటీ. మా వాడ నుంచి ఆడవాళ్లు బీడీల చాటలు ఒళ్లో పెట్టుకుని కంచె అవతల వరసగా కూర్చున్నారు. ఆట అర్థమైనవాళ్లు ఒక్కరూ లేరు, అరవనివాళ్లూ ఒక్కరూ లేరు. సాబ్ నలభైనాలుగు దెబ్బల్లో ముగించాడు. డాక్టరమ్మ యాభైరెండు. తొమ్మిది తీసేస్తే నలభైమూడు. ఒక్క దెబ్బ తేడాతో గెలిచింది! కంచె అవతల చాటలు ఎగిరాయి. డాక్టరమ్మ కప్పు అందుకుని కొంగుతో తుడిచింది. నన్ను చూసి కళ్లు తుడుచుకుంది.

అప్పుడే నాయిన నన్ను తీసుకుపోవడానికి సైకిలు మీద వచ్చాడు. వరండాలో నేను చుట్టి పెట్టిన దారం చేతిలోకి తీసుకుని, నేతగాడు కదా, వేళ్ల మధ్య నలిపి చూశాడు.

"బిడ్డా, గంజి గిట్ల పొట్టు లేశిందేంది? దీన్ని నీళ్లల్ల గిట్ట ఏశినవా?"

"లేదు నాయినా. పొద్దుగాల మంచుల కొలిచినం గంతే."

"మంచులనా?" నాయిన నవ్వాడు. "తడిశిన నూలు గుంజుకుంటది గదనే! వానకాలం పడుగు గుంజుకుంటున్నదని నేను మొత్తుకునేది దినాం ఇంటలేవా?"

విన్నాను. పుట్టినప్పటి నుంచీ విన్నాను. ఆ వాడలో నాలుగేళ్ల పిల్ల కూడా చెప్పేదే. కొలిచిన టైము రాశాను, దారాల లెక్క రాశాను, రాయి రాయికీ గుర్తు రాశాను. మంచు మాట మాత్రం రాయలేదు. నల్లా దగ్గరికి పరుగెత్తి దారం తడిపి, వరండాలో గజంబద్దతో కొలిచాను. నలభైఎనిమిది! ఆడవాళ్ల యాభై దారాలంటే రెండు వేల నాలుగు వందల గజాలే. మగవాళ్లది ఎండలో పొడి దారంతో కొలిచిందే, మారదు. అంటే తేడా నాలుగు వందలు. అంటే నాలుగు దెబ్బలు. అంటే రాయితీ ఎనిమిదే. అంటే డాక్టరమ్మది నలభైనాలుగు, సాబుదీ నలభైనాలుగు.

నాయినకు నా మొహం చూడగానే తెలిసిపోయింది. "చెప్తవా?" అన్నాడు. "చెప్పకుంటె ఎట్ల నాయినా, తప్పు గద" అన్నాను. తడి దారం పట్టుకుని టీలు తాగుతున్న గుంపు మధ్యకు పోయి, అంకెలు తడబడకుండా చెప్పాను. డాక్టరమ్మ వెండి కప్పును మెల్లగా బల్ల మీద పెట్టింది.

"అయితె గెలిచిందెవరే?"

"ఎవరు గెలవలే మేడం. ఇద్దరిది బరాబర్."

"మై బోలా థా క్యా నహీ? నేను చెప్పినానా లేదా?" అన్నాడు మీసాల సాబ్.

"బోలే థే సాబ్. చెప్పిన్రు."

"ఒక్క దెబ్బ ఫరక్. ఛుట్టీ."

నాలుగూ నలభైకి నా ఉద్యోగం పోయింది. కంచె దగ్గర నుంచి చిన్నమ్మ, "నోట్లె ఇంత బెల్లంగడ్డ వెట్టుకోని ఊకుంటె ఏంబోతుండె నీకు!" అని వాడకంతా వినపడేలా తిట్టింది. నేను దారం చుట్టుకుంటూ మెట్లు దిగుతున్నాను. వెనక, మళ్లీ ఆడదామని ఇద్దరూ ఒప్పుకున్నారు. రాయితీ ఎంతన్నది మాత్రం తెగలేదు. ఆయన ఆరు, ఏటా ఇచ్చేదేనన్నాడు. ఆమె తొమ్మిది, బోర్డు మీద ఉందిగా అంది. "ఆ పిల్ల ఎనిమిదన్నది" అని ఎవరో అంటే, "తడి దారం లెక్క ఎవరు నమ్ముతరు? పొడి దారంతో మళ్లా కొలవాలె" అని డాక్టరమ్మ. "కొలిచేదెవరు? మీవాళ్లు కొలిస్తే నేను ఒప్పుకోను" అని సాబ్. "మీవాళ్లయితే నేను ఒప్పుకోను" అని ఆమె. తిరిగి చూస్తే అందరూ నా వైపే చూస్తున్నారు.

"నన్ను తీసేశిన్రు గద సాబ్, నాకేం సంబంధం?" అన్నాను. అంత ధైర్యం ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలియదు. మీసాల సాబ్ మెట్లు దిగి వచ్చి, "గెలిచినోళ్ల పక్షాన ఉండి నీ తప్పు నువ్వే చెప్పినవు. నీ లెక్కే ఇద్దరం ఒప్పుకుంటం. చల్, సంతకం పెట్టు" అన్నాడు. ఐదూ ఐదు. హాజరు పుస్తకంలో ఆ ఇరవైఐదు నిమిషాలు ఉద్యోగంలో లేనట్టు నేనే రాసుకున్నాను.

మళ్లీ కొలిచాం, ఈసారి రెండు దూరాలూ ఎండలోనే. రాయితీ ఎనిమిదే వచ్చింది. మళ్లీ ఆడారు. ఇక్కడ వేరేగా రాయాలని మనసు పీకుతోంది గానీ, సాబ్ నలభైమూడు, డాక్టరమ్మ యాభైమూడు. ఎనిమిది తీసినా రెండు దెబ్బల తేడాతో ఓడింది. పోతూ పోతూ నా భుజం మీద చెయ్యి వేసి, "లెక్క కరెక్టే పిల్లా. ఆటనే తప్పింది" అంది. ఆ తరువాత మరో రెండేళ్లు ఆడింది గానీ, చివరి ఆట దాకా రాలేదు.

ఇప్పుడు సోలాపూర్ శివారున కుంభారి కాలనీలో మా ఇంటి ముందు కుర్చీ వేసుకుని కూర్చుంటే, పొద్దున్నే గడ్డి మీద మంచు కనిపిస్తుంది. ఆ పంతొమ్మిదేళ్ల పిల్ల చేసిన పని తప్పని ఈనాటికీ అనను. చెప్పి తీరాల్సిందే. కానీ ఇప్పటి నేనైతే ఆ సాయంత్రం దారం సంచిలో పెట్టుకుని ఇంటికి పోయేదాన్నేమో. డాక్టరమ్మ ఆ ఒక్క పూట కప్పును ఇంట్లో పెట్టుకుని చూసుకునేది. మర్నాడు పొద్దున ఎనిమిదింటికి పోయి చెప్పేదాన్ని. ఎనిమిదింటికే, ఎనిమిదీ ఐదుకు కాదు.