నెమలి మీద గీతలు

ఈ సాయంత్రం నాలుగు గంటలకు, తార్నాకలో మా పొరుగింటి సరోజమ్మ గారి పాత రికార్డు కవరొకటి ప్రదర్శనకు పనికిరాదని తేలింది. రేపు యూనివర్సిటీ క్యాంపస్‌లో గ్రామఫోన్ రికార్డుల కవర్లు ప్రదర్శనకు పెడుతున్నారు. వాటిని సేకరించే విద్యార్థిని శ్రావణి, సరోజమ్మ గారి దగ్గరున్నవి ఏరుకోవడానికి వచ్చింది. నెమలి బొమ్మ ఉన్న కవరును కిటికీ వెలుతురులో వంచి చూసి పక్కన పెట్టేసింది.

"ఇది డ్యామేజ్ అయింది ఆంటీ. బొమ్మంతా పెన్ను గీతలు దిగినయ్."

"డ్యామేజ్ ఏంది బిడ్డా? కింద గుడ్డ, నడుమ కార్బన్ పెట్టి నేనే దించిన. అప్పుడు కుట్టుడుకు మంచి డిజైన్లు గీ కవర్ల మీదనే దొరికేటివి. మా అన్నకు పాట, నాకు బొమ్మ."

లోపలికి వెళ్లి ఒక దిండు గలీబు తెచ్చారు. దాని మీద అదే నెమలి, వెలిసిన నీలం దారంతో ఉంది. శ్రావణి రెండింటినీ పక్కపక్కన పరిచి చాలాసేపు చూసింది.

"రెండూ ఇస్తరా ఆంటీ?"

మా ఇంట్లో కవరు ముట్టుకుంటే వీపు మోగేది. అందుకే మావి ఇప్పటికీ కొత్తవాటిలా ఉన్నాయి, చెప్పుకోవడానికి ఒక్క కథా లేదు. మీ ఇళ్లలో ఆ కవర్లతో ఏం చేసేవారో రాయండి.

రెండూ ఇస్తానన్నారు గానీ, గలీబును ప్రదర్శనలోని తెరగుడ్డకు పిన్నులతో గుచ్చడానికి మాత్రం సరోజమ్మ గారు ఒప్పుకోలేదు. ప్రదర్శన రేపు పదకొండింటికి మొదలవుతుంది. అంతకుముందే ఆమె సూదీ దారంతో క్యాంపస్‌కు వెళ్లి, దాన్ని తెరగుడ్డకు తన చేత్తోనే కుడతారు.