తెలుగు రాని వంటవాడు

పోయినవి లెక్క వేశాను. మా మేనల్లుడికి ఎనిమిదేళ్ల కొలువు, హైదరాబాదులో కిరాయి గది పోయాయి. నాకు మా చెల్లెలితో మాటలు పోయాయి.

వాడు జపాను హోటల్లో, బల్లంత ఇనుప పెనం మీద, తినేవాళ్ల ఎదుటే వండేవాడు. గుడ్డును ఎగరేసి అట్లకాడ అంచు మీద పగలగొట్టేవాడు. మా ఊరు కట్టంగూరు వచ్చినా చేయి ఊరుకునేది కాదు, ఉల్లిగడ్డ దొరికితే ఉల్లిగడ్డనే ఎగరేసి పట్టేవాడు. ఆ హోటల్లో మాత్రం జపాను వాడిలా ఉండాలి. అతిథుల ముందు తెలుగు మాట్లాడితే కొలువు ఊడుతుంది.

"మామా, నన్ను ఎరగనట్టె కూసోండ్రి," అని ముందే బతిమాలాడు. ఆ మాట మా అమ్మకు చెప్పడం మరిచాను.

ఇంటివాళ్లం ఆ హోటలుకు పోయి, వాడి పెనం ఎదుట ఐదుగురం కూర్చున్నాం. ముగ్గురికి వడ్డించాడు. తర్వాత గరిటెతో అన్నం ముద్దను పైకి ఎగరేశాడు. కూలి చేసి మమ్మల్ని పెంచిన అమ్మ దిగ్గున లేచింది.

"గింజ గింజ ఏరుకొని బతికినం బిడ్డా! బువ్వను గిట్ల ఎగరేస్తవా?"

వాడి చెయ్యి ఆగిపోయింది. ముద్ద నేల మీద పడింది. వాడు వంగి మెతుకులు ఏరుతూ, "తప్పయింది అవ్వా," అన్నాడు. హోటలంతా విన్నది. మేనేజరు లోపలికి పిలిచాడు. వాడు మళ్లీ రాలేదు, మేం తినకుండానే లేచాం.

ఇప్పుడు సిమెంటు బస్తాలు మోస్తున్నాడు. చాయ్ గ్లాసు ఇస్తే రెండు చేతులతో పట్టుకుంటాడు. అమ్మ పోయిన రోజు వచ్చి, "అవ్వకు పెట్టకపోతిని మామా," అన్నాడు. అమ్మకొకటి, నాకొకటి. ఇప్పటికీ బాకీ రెండు ప్లేట్లు.