అంకెలు రాని చెవి

2008 ఫిబ్రవరి 12, మంగళవారం, ఉదయం పదిన్నర. గాజువాక శిక్షణ కేంద్రం, వెల్డింగు షెడ్డు. హాజరైనవారు: హైదరాబాదు నుంచి వచ్చిన పరీక్షాధికారి, కేంద్రం ఎలక్ట్రీషియను, పరీక్షకు వచ్చిన వెల్డరు, రిజిస్టరు రాయడానికి నేను.

నా డైరీలో ఆ రోజు పేజీ ఇలా మొదలవుతుంది. లెక్కల గుమాస్తాగా రిటైరయ్యాక ఆ కేంద్రంలో రెండేళ్లు రిజిస్టర్లు రాశాను. బడిలో కాకుండా పనిలోనే పని నేర్చుకున్నవాళ్లను పరీక్షించి సర్టిఫికెట్టు ఇచ్చే పద్ధతి అప్పుడే వచ్చింది. చదువులనూ చేతిపనులనూ దేశమంతటా ఒకే నిచ్చెన మెట్లుగా పేర్చాలని, కింది మెట్టు మీదున్నవాడికి పై మెట్టు అందాలని పెద్దలు ఆలోచిస్తున్నట్టు పరీక్షాధికారి చెప్పేవారు. నాకది కాగితాల మీది మాటగానే ఉండేది.

వెల్డరుకు నలభై దాటాయి. చేపలరేవులో పడవల ఇనప పని చేస్తూ నేర్చుకున్నవాడు. ఇప్పుడతను పనిచేసే ఓడల యార్డులో, సర్టిఫికెట్టు లేనివాళ్లకు మార్చి నుంచి గేటు పాసు ఇచ్చేది లేదని కాంట్రాక్టరు చెప్పేశాడు. ఈ పరీక్ష తప్పితే పని పోయినట్టే.

పరీక్షాధికారి మిషను మీటరు ముల్లును నూట పది ఆంపియర్ల మీద పెట్టి, రెండు పలకలు అతికించమన్నారు. వెల్డరు రాడ్డు తాకించి, వెంటనే తీసేశాడు. మిషను దగ్గరికెళ్లి, ముల్లు వైపు చూడకుండానే కరెంటు చక్రం వెనక్కి తిప్పాడు. మళ్లీ తాకించి విని, ఇంకాస్త తిప్పాడు. ముల్లు ఎనభై దగ్గర ఆగింది.

"ఎందుకు తిప్పావు?" అన్నారు పరీక్షాధికారి. "కరెంటు ఎంతుండాలో తెలియడం కూడా పరీక్షే."

"సప్పుడు బాగోలేదు బాబూ. రేకు మీద వాన పడినట్టుంది. సేప ఏగినట్టుండాల."

ఎలక్ట్రీషియను నవ్వాడు. "పరీచ్చలో కూడా సేపలేనేటి బావా? మీటరు సూసుకోవా?"

"అంకెలు నాకెక్కడొచ్చు బావా. నీకొచ్చు కదా, నువ్వొచ్చి అతికించు."

పరీక్షాధికారి ఫారంలో కరెంటుకున్న గడిలో సున్నా వేశారు. ఆ ఒక్క గడిలో తప్పితే మిగతావి లెక్కలోకి రావు. వెల్డరుకు అది తెలుసు.

"పని సగంలో ఉంది. పూర్తి సేసెయ్యనా బాబూ?"

చేశాడు. అతుకు పేనిన కొబ్బరి తాడులా, ఒక్క చోట కూడా లావూ సన్నమూ లేకుండా వచ్చింది. పరీక్షాధికారి దాన్ని పటకారుతో అటూ ఇటూ తిప్పి చూస్తూ ఉండిపోయారు. మిషను కరెంటు వేరే మీటరుతో ఒకసారి కొలిపిద్దామా అని అడిగాను. ఎలక్ట్రీషియను తీగ చుట్టూ పట్టే మీటరు తెచ్చాడు. వెల్డరు మళ్లీ రాడ్డు తాకించాడు. మిషను ముల్లు ఎనభై చూపిస్తోంది. తీగలో నడుస్తున్నది నూట పది.

పరీక్షాధికారి లేచి, మిషను ముల్లుకు కాగితం అడ్డం అంటించి, చక్రాన్ని ఇష్టమొచ్చినట్టు తిప్పేశారు. "ఇప్పుడు సరిచెయ్యి." వెల్డరు తల కాస్త వంచి విని, తిప్పాడు. తీగ మీటరులో నూట తొమ్మిది. మళ్లీ చెదరగొట్టారు. నూట పది. మూడోసారి నూట పదకొండు. నలభై ఏళ్లు అంకెలు రాసిన నా చేతికి ఆ మూడింటినీ రాయడానికి చాలాసేపు పట్టింది.

పరీక్షాధికారి సున్నా కొట్టేసి, పక్కన సంతకం చేశారు. "ఈ చెవికి ఫారంలో గడి లేదండీ," అన్నారు నాతో, మెల్లగా.

మర్నాడు ఉదయం డైరీ వెనక్కి తిప్పాను. ఏ పరీక్ష ఏ మిషను మీద జరిగిందో రాసుకోవడం నా అలవాటు. అంతకుముందు వారం అదే మిషను మీద ముగ్గురు, ముల్లు కదిపినందుకు అదే గడిలో తప్పారు. ఆ పేజీ పరీక్షాధికారి ముందు పెట్టాను. చదివి, ముగ్గురికీ మళ్లీ రమ్మని కార్డులు రాయమన్నారు.

రాస్తుండగా వెల్డరు సర్టిఫికెట్టు కోసం వచ్చాడు. చదివి వినిపించాను. జాగ్రత్తగా జేబులో పెట్టుకుని, కార్డులు ఎవరికని అడిగాడు. చెప్పాను.

"అందులో ఇద్దరు మా పేటోళ్లే. కార్డొచ్చీదాకా ఆగడమేటి బాబూ, నాను బస్సెక్కి సెప్పేత్తాను," అని, టీ తాగమన్నా ఆగకుండా వెళ్లిపోయాడు.